చిన్న కంప్యూటర్లు: పరిణామమూ ప్రయోజనమూ

కంప్యూటర్ చరిత్రను చెప్పే పుస్తకాలు చాలావరకు యంత్రం ఎలా చిన్నదవుతూ వచ్చిందో చెబుతాయి. గదంతా ఆక్రమించిన యంత్రం బల్ల మీదికి, అక్కడి నుంచి ఒడిలోకి, ఒడిలో నుంచి జేబులోకి చేరిన క్రమాన్ని చిప్ మీద ట్రాన్సిస్టర్ల సంఖ్య పెరగడంతో ముడిపెట్టి వివరిస్తాయి. ఈ వివరణ తప్పు కాదు గానీ, అది ప్రశ్నలో సగానికే జవాబు. చిప్ గోరంత అయిపోయిన తర్వాత కూడా చేత్తో మోయగల కంప్యూటర్ అక్కరకొచ్చే వస్తువు కావడానికి ఇరవై ఏళ్లు ఎందుకు పట్టింది, అయ్యాక అది ఎవరి చేతిలో ఉండి ఏ పని చేసింది అన్నది మిగతా సగం. ఆ సగాన్ని పరిశీలిస్తే, వెంట తీసుకెళ్లగల కంప్యూటర్ అన్న మాట కింద రెండు వేర్వేరు జాతుల యంత్రాలు ఉన్నాయని తేలుతుంది. ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్, స్మార్ట్‌ఫోన్ వంటివి యజమాని వెంట తిరిగేవి. బస్సు కండక్టరు టికెట్ యంత్రం, కరెంటు బిల్లు కొట్టే యంత్రం, రేషన్ డీలరు దగ్గరి వేలిముద్ర యంత్రం వంటివి ఉద్యోగి చేతిలో ఉండి జనం దగ్గరికి వచ్చేవి. మొదటి జాతికి చరిత్రకారులు కొల్లలు. రెండోదాన్ని పట్టించుకున్నవారు అరుదు. అయితే తెలుగు పల్లెల్లో ఎన్నో కుటుంబాలకు మొదట ఎదురుపడిన కంప్యూటర్ ఈ రెండో జాతిదే.

ఊహ యంత్రం కంటే ముందే పుట్టింది. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనా కేంద్రంలో పనిచేసిన అలన్ కే 1972లో ఒక పత్రం రాసి, అన్ని వయసుల పిల్లలకూ పనికొచ్చే 'డైనాబుక్' అనే యంత్రాన్ని ప్రతిపాదించారు. నోటుపుస్తకమంత పరిమాణం, రెండు కిలోల లోపు బరువు, అచ్చక్షరాలంత స్పష్టంగా రాతను చూపే పలుచని తెర, 500 డాలర్ల ధర ఉండాలని ఆయన కోరారు; వీటన్నిటినీ ఒకచోట చేర్చడం ఆనాటి పరిశ్రమకు సాధ్యమయ్యే పని కాదు. అంతకు ముందటి ఏడాది నవంబరులో ఇంటెల్ సంస్థ 4004 అనే మైక్రోప్రాసెసర్‌ను, అంటే లెక్కలు కట్టి ఆజ్ఞలు నడిపే భాగమంతా ఒకే సిలికాన్ ముక్క మీద అమరిన చిప్‌ను, విడుదల చేసింది. జపాన్‌లోని బిజికామ్ కంపెనీ క్యాలిక్యులేటర్ కోసం తయారైన ఆ చిప్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. లెక్క కట్టే భాగం ఆ విధంగా చిన్నదైనా తెర, విద్యుత్ సరఫరా, సమాచారాన్ని నిల్వ చేసే సాధనం మాత్రం పాత పరిమాణంలోనే ఉండిపోయాయి. ఐబీఎం సంస్థ 1975లో 5100 అనే నమూనాను పోర్టబుల్ అన్న పేరుతోనే అమ్మింది. దాని తెర అయిదంగుళాలు, ధర దాదాపు 9,000 డాలర్ల నుంచి 20,000 డాలర్ల వరకు, బరువు మనవైపు దుకాణాల్లో దొరికే పాతిక కిలోల బియ్యం బస్తాతో సమానం. దాన్ని మోయవచ్చు, నిజమే. మోసినవాడు రెండోసారి మోయడానికి ఇష్టపడతాడా అన్నది వేరే సంగతి.

1981 నుంచి 1985 వరకు గడిచిన అయిదేళ్లు ఈ చరిత్రలో కీలకమైనవి. ఏప్రిల్ 1981లో ఆడమ్ ఆస్బర్న్ విడుదల చేసిన ఆస్బర్న్-1 బరువు సుమారు 11 కిలోలు, ధర 1,795 డాలర్లు. లీ ఫెల్సెన్‌స్టీన్ రూపకల్పన చేసిన ఈ యంత్రంతో పాటు రాతపనికి వర్డ్‌స్టార్, పద్దుల పనికి సూపర్‌క్యాల్క్ వంటి ప్రోగ్రాములు అదే ధరలో వచ్చేవి. కంప్యూటర్ కొంటున్నవాడు నిజానికి కొంటున్నది పనినే అని గుర్తించిన తొలి వ్యాపారులలో ఆస్బర్న్ ఒకరు. రమణ మహర్షి భక్తుడైన ఆర్థర్ ఆస్బర్న్ కుమారుడిగా ఆయన బాల్యం తిరువణ్ణామలైలో గడిచింది. చివరి రోజుల్లో మళ్లీ దక్షిణ భారతానికే వచ్చి, 2003లో కొడైకెనాల్‌లో మరణించారు. ఆయన కంపెనీ మాత్రం 1983 సెప్టెంబరులోనే దివాలా తీసింది. కొత్త నమూనాను ముందే ప్రకటించడంతో పాతదాని అమ్మకాలు ఆగిపోవడమే అందుకు కారణమని వ్యాపార పాఠ్యగ్రంథాలు చెబుతూ వచ్చాయి గానీ, ఐబీఎం పీసీ ప్రోగ్రాములను యథాతథంగా నడిపే కాంపాక్ పోర్టబుల్ అదే ఏడాది బజారులోకి రావడం కూడా అంతే బలమైన దెబ్బ.

ఆస్బర్న్‌కూ కాంపాక్‌కూ గోడకున్న ప్లగ్గే ఆధారం. బిల్ మోగ్రిడ్జ్ రూపకల్పనలో 1982లో వచ్చిన గ్రిడ్ కంపాస్ తెరను కీబోర్డు మీదికి మూతలా మడిచే ఆకృతిని లోకానికి పరిచయం చేసి, స్పేస్ షటిల్‌లో అంతరిక్షానికి కూడా వెళ్లింది. 8,150 డాలర్లు పెట్టి కొన్న ఆ యంత్రంలో కూడా బ్యాటరీ లేదు. సమస్యను సరిగ్గా పట్టుకున్నవి చూపులకు బొమ్మల్లా కనిపించే మరో రెండు యంత్రాలు. జపాన్‌లోని ఎప్సన్ సంస్థ తెచ్చిన హెచ్‌ఎక్స్-20 ఏ4 కాగితమంత వైశాల్యం, 1.6 కిలోల బరువు కలిగి, నాలుగు వరుసల తెర, చిన్న ప్రింటరు, తిరిగి ఛార్జ్ చేసుకోగల బ్యాటరీలతో వచ్చింది. 1983లో రేడియో షాక్ దుకాణాల్లోకి వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100, టార్చిలైటులో వేసే నాలుగు మామూలు బ్యాటరీలతో సుమారు ఇరవై గంటలు నడిచేది. టెలిఫోను తీగ మీదుగా సమాచారం పంపే మోడెమ్ అందులోనే అమర్చి ఉండడంతో అమెరికా విలేకరులు సభలో, ఆటస్థలంలో, హోటలు గదిలో వార్త రాసి అక్కడి నుంచే పత్రికకు పంపేవారు. శక్తిలో ఇది సమకాలీన యంత్రాలకు చాలా వెనుక ఉన్నా, బయట తిరిగే ఉద్యోగికి ఏది అవసరమో ఎంచి అంతమటుకే ఇచ్చింది. మోసుకెళ్లగలగడం, మోసుకెళ్లిన చోట పనిచేయగలగడం వేర్వేరు గుణాలన్న గ్రహింపు పరిశ్రమకు ఇక్కడి నుంచే కలిగిందని చెప్పవచ్చు.

అందువల్ల తర్వాతి పదేళ్ల చరిత్ర చిప్ కంటే తెర, బ్యాటరీల చరిత్ర. గాజు గొట్టంలో ఎలక్ట్రాన్ పుంజాన్ని ముందుకు చిమ్మి బొమ్మ గీసే పాత తెరకు లోతు, బరువు, విద్యుత్తు అన్నీ ఎక్కువే. దాని స్థానంలోకి వచ్చిన ద్రవ స్ఫటిక తెర తనంత తాను వెలగదు. విద్యుత్ క్షేత్రానికి లోనైన స్ఫటికాలు దిశ మార్చుకుని కాంతిని అడ్డుకోవడమో పోనివ్వడమో చేస్తాయి కనుక అది అతి తక్కువ విద్యుత్తుతో నడుస్తుంది. తొలినాటి ద్రవ స్ఫటిక తెరల్లో అక్షరాలు మసకగా ఉండేవి, కదిలే గుర్తు వెనుక నీడ ఈడ్చుకుంటూ వచ్చేది. తెర మీది ఒక్కొక్క చుక్కకూ ఒక్కొక్క ట్రాన్సిస్టర్ కేటాయించే పద్ధతి స్థిరపడ్డాకే ఆ లోపం పోయింది. ఐబీఎం 1992లో తెచ్చిన థింక్‌ప్యాడ్ 700సీకి పేరు తెచ్చినవాటిలో ఇలాంటి పదంగుళాల రంగుల తెర ముఖ్యమైనది.

బ్యాటరీ విషయంలో మలుపు 1991లో వచ్చింది. అప్పటిదాకా వాడిన నికెల్-కాడ్మియం ఘటం 1.2 వోల్టులు మాత్రమే ఇచ్చేది, బరువు ఎక్కువ. సోనీ సంస్థ ఆ ఏడాది అమ్మకానికి తెచ్చిన లిథియం-అయాన్ ఘటంలో లిథియం అయాన్లు ఛార్జ్ చేసేటప్పుడు ఒక ధ్రువం నుంచి మరోదానికి, వాడేటప్పుడు వెనక్కి ప్రయాణిస్తాయి. ఒక్కో ఘటం దాదాపు 3.6 వోల్టులు ఇస్తూ, అంతే బరువుకు ఎంతో ఎక్కువ శక్తిని దాచుకుంటుంది. ఈ పనికి పునాది వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ లభించింది. శక్తిని కుక్కి దాచడంలో నిప్పంటుకునే ప్రమాదం కూడా ఇమిడి ఉంది కనుక, ప్రత్యేక అనుమతి లేకుండా విమానంలో వెంట ఉంచుకోగల బ్యాటరీకి అంతర్జాతీయ నియమాలు 100 వాట్-అవర్ల హద్దు పెట్టాయి. పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు ఆ అంకెకు కాస్త ఇవతలే ఆగడం కాకతాళీయం కాదు.

ప్రాసెసర్ కథలో అనుకోకుండా జరిగినది ఎక్కువ. ఇంగ్లండులోని ఏకార్న్ సంస్థ ఇంజనీర్లు బల్ల మీది కంప్యూటర్ కోసమే కొద్దిపాటి సరళమైన ఆజ్ఞలతో సరిపెట్టుకునే చిప్‌ను రూపొందించారు. 1985 ఏప్రిల్‌లో తొలి ఏఆర్ఎమ్ చిప్‌ను పరీక్షిస్తున్నప్పుడు విద్యుత్తును కొలిచే మీటరు సున్నా చూపించింది. సరఫరా తీగ అసలు కలపనే లేదని, చుట్టూ ఉన్న ఇతర తీగల్లోంచి జారిన కొద్దిపాటి విద్యుత్తుతోనే చిప్ నడుస్తోందని తర్వాత తెలిసింది. ఇంత తక్కువ విద్యుత్తుతో నడిచే ఈ చిప్‌ను చల్లబరచడానికి ఫ్యాను అక్కర్లేదు. ఆ గుణం విలువ జేబులో పెట్టుకునే పరికరాలు వచ్చాక గానీ లోకానికి పూర్తిగా తెలియలేదు. ఇంటెల్ కూడా 1990లో వాడని భాగాలను నిద్రపుచ్చే 386ఎస్‌ఎల్ చిప్‌ను ల్యాప్‌టాప్‌ల కోసమే తెచ్చింది గానీ, 2000 తర్వాత వేగం పెంచిన కొద్దీ వేడి హద్దు మీరడంతో పరిశ్రమ మొత్తం పొదుపు దారికి మళ్లక తప్పలేదు. 2020లో ఆపిల్ సంస్థ ఏఆర్ఎమ్ పద్ధతిలో చేసిన సొంత చిప్‌తో ఫ్యాను లేని మ్యాక్‌బుక్ ఎయిర్‌ను తెచ్చేసరికి ముప్పై అయిదేళ్ల కిందటి ఆ పొదుపు ల్యాప్‌టాప్‌ను కూడా చేరింది.

మిగతా మజిలీలు సుపరిచితమైనవే. 1991 నాటి పవర్‌బుక్ కీబోర్డును వెనక్కి జరిపి మణికట్టు ఆనడానికి చోటిచ్చింది. 1996లో వచ్చిన పామ్ పైలట్ డైరీనీ చిరునామాల పుస్తకాన్నీ జేబులోకి తెచ్చింది. 1999 తర్వాత వైఫై వ్యాపించడంతో తీగ తెగింది. 2007లో ఐఫోన్, మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ ఫోను వచ్చాక కంప్యూటర్‌కూ ఫోనుకూ మధ్య గీత చెరిగిపోయింది.

ఇంతకంటే నిదానంగా చూడవలసినది పేదల కోసం చౌక కంప్యూటర్ చేయాలని సాగిన ప్రయత్నాల వరుస. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు కొందరు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఇంజనీర్లతో కలిసి 2001లో ప్రదర్శించిన సింప్యూటర్ వీటిలో మేధాపరంగా అన్నిటికంటే గట్టిది. అరచేతిలో ఇమిడే ఆ యంత్రానికి వారు పెట్టుకున్న ధర సుమారు 9,000 రూపాయలు. ఒక కుటుంబం అంత పెట్టలేదు కనుక ఊరంతటికీ ఒక యంత్రం, మనిషికొక స్మార్ట్ కార్డు అన్న ఏర్పాటు చేశారు. కార్డు దూర్చినవారి వివరాలు యంత్రంలోకి వస్తాయి, తీసేస్తే పోతాయి. చదువు రానివారి కోసం అక్షరాలను పలికే సౌకర్యం ఉంది. భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీలో 2004లో వచ్చిన 'అమిడా' నమూనాలో యంత్రాన్ని వంచితే గుర్తుపట్టే చలన గ్రాహకం కూడా ఉండేది. ఇంత ముందుచూపు ఉన్నా అమ్మకాలు కొన్ని వేలకు మించలేదు. ఊరంతా పంచుకునే యంత్రానికి కొనేవాడెవరు, చెడితే బాగుచేసేవాడెవరు, అందులో రోజూ చూడదగ్గ సమాచారం నింపేవాడెవరు అన్నవాటికి పంచాయతీ స్థాయిలో జవాబు దొరకలేదు. ఆలోగా మామూలు సెల్‌ఫోన్ల ధరలు, మాటల ఛార్జీలు పడిపోయి, పంచుకోవలసిన అవసరమే తగ్గింది.

అమెరికాకు చెందిన నికొలస్ నెగ్రొపాంటే 2005లో ప్రకటించిన 'పిల్లవాడికొక ల్యాప్‌టాప్' పథకం 100 డాలర్ల ధరను వాగ్దానం చేసి, 2007లో దాదాపు అంతకు రెట్టింపు ధరకు యంత్రాన్ని అందించింది. ఎండలో చదవగలిగే దాని తెర నిజంగా గొప్ప ఆవిష్కరణ. భారత మానవ వనరుల శాఖ 2006లోనే ఈ పథకాన్ని కాదన్నప్పుడు విమర్శలు వచ్చాయి గానీ, పెరూ దేశంలో 319 గ్రామీణ పాఠశాలల్లో జరిపిన అధ్యయనం 2012లో వెలువడి, యంత్రాలు అందిన బడుల్లో లెక్కలు, భాష పరీక్షల ఫలితాలు మెరుగుపడిన ఆధారం లేదని తేల్చింది. పథకాన్ని నిరాకరించిన శాఖే ఆ తర్వాత స్వయంగా ఆ దారిన నడిచింది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ఆవిష్కరించిన 'ఆకాశ్' ట్యాబ్లెట్‌ను డేటావిండ్ సంస్థ రూపొందించగా, కూర్పు పని హైదరాబాద్‌లో జరిగింది. ప్రభుత్వం చెల్లించిన ధర సుమారు 2,276 రూపాయలు. వేలి తాకిడిని కాక ఒత్తిడిని గుర్తించే పాతరకం తెర, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల జ్ఞాపకశక్తి విద్యార్థి సహనాన్ని త్వరగానే హరించాయి. మరుసటి ఏడాది వచ్చిన రెండో రూపం మెరుగైనదే అయినా అప్పటికే బజారులో అలాంటి ప్రైవేటు ట్యాబ్లెట్లు చౌకగా దొరకసాగాయి. ఈ మూడు పథకాలూ ధరనే అసలు అడ్డంకిగా భావించాయి. అందులో పొరపాటు ధరను తగ్గించాలనుకోవడంలో లేదు; యంత్రం చుట్టూ ఉండవలసిన పాఠం, ఉపాధ్యాయుడు, మరమ్మతు, కరెంటు అన్నీ తక్కువ ధరను చూసి వాటంతట అవే వచ్చి చేరతాయనుకోవడంలో ఉంది.

దీనికి భిన్నంగా, రెండో జాతి యంత్రాలు ముందే నడుస్తున్న పనిలోకి దిగాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలో కండక్టరు ఒకప్పుడు ధరల వారీగా టికెట్ల కట్టలు పట్టుకుని, టికెట్ చించి, స్టేజీ స్టేజీకీ ఎస్సార్ అనే లెక్కల కాగితంలో నంబర్లు ఎక్కించేవాడు. ఆ రెండు పనులూ చేసే టికెట్ జారీ యంత్రం, కండక్టర్ల నోట 'టిమ్', నిజానికి ప్రాసెసరు, చిన్న తెర, వేడితో ముద్రించే ప్రింటరు కలిగిన కంప్యూటరే. ఎప్సన్ హెచ్‌ఎక్స్-20కి దూరపు చుట్టం అనవచ్చు. డ్యూటీ ఎక్కేటప్పుడు డిపోలో తీసుకుని, దిగాక అప్పజెప్పే ఈ యంత్రానికి ఛార్జింగు, మరమ్మతు, ధరల మార్పు అన్నీ డిపోయే చూసుకుంటుంది. 2023 డిసెంబరులో తెలంగాణలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఇదే యంత్రం సున్నా రూపాయల టికెట్ ఇవ్వసాగింది. 2025 ఆగస్టు నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పద్ధతి. డబ్బు వసూలు కాని చోట టికెట్ ఎందుకని అమాయకంగా తోచవచ్చు గానీ, ప్రభుత్వం సంస్థకు తిరిగి చెల్లించేది ఆ లెక్కను బట్టే.

ఉపాధి హామీ కూలీ, పింఛన్ల చెల్లింపు ఇంకా పెద్ద ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేలిముద్రలతో ముడిపడిన స్మార్ట్ కార్డులిచ్చి, ఊళ్లోనే ఒక వ్యక్తిని, వీలైతే స్వయం సహాయక సంఘం మహిళను, చేతి యంత్రంతో నియమించి చెల్లింపులు జరిపించింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభాను పరిధిలోకి తీసుకుని ఈ పథకాన్ని పరిశీలించారు. అమలు అసంపూర్తిగానే ఉన్నా ఉపాధి కూలీ త్వరగా, నమ్మకంగా అందిందని, అవినీతి తగ్గిందని, అర్హులు పథకానికి దూరం కాలేదని 2016లో ప్రచురించారు. ఆ పరిశోధకులే ఝార్ఖండ్ రేషన్ దుకాణాల్లో ఆధార్ వేలిముద్రను తప్పనిసరి చేసినప్పుడు ఏమైందో చూసి, తప్పనిసరి చేసినందువల్ల దారిమళ్లింపు తగ్గలేదని, ఆధార్ జత కాని కార్డుదారులు నష్టపోయారని కనుగొన్నారు. చేతి యంత్రం రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. ఒకచోట అది డబ్బును ఇంటి దగ్గరికి తెచ్చింది, మరోచోట బియ్యానికీ మనిషికీ మధ్య అదనపు గుమ్మమై నిలిచింది. మట్టిపనిలో వేళ్ల గీతలు అరిగిపోయిన ముసలివారికీ, సిగ్నల్ అందని ఏజెన్సీ గూడేలకూ ఆ గుమ్మం మరీ ఎత్తైనది.

ఆ యంత్రం వల్లనే సాధ్యమైన మేలు కూడా ఒకటుంది. సరుకుల లెక్క డీలరు రిజిస్టరులో ఉన్నంతకాలం కార్డుదారు ఆ దుకాణానికే కట్టుబడాలి. లెక్క యంత్రం ద్వారా సర్వరుకు చేరాక ఏ దుకాణమైనా ఒకటే. వేరే రాష్ట్రంలోనూ రేషన్ తీసుకునే ఏర్పాటు 2019 ఆగస్టు 9న తొలుత రెండు జంటలతో మొదలైంది. ఒకటి గుజరాత్, మహారాష్ట్ర, రెండోది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. హైదరాబాద్‌లో అడ్డా మీద నిలబడే శ్రీకాకుళం కూలీ దృష్టిలో చూస్తే, ఇక్కడ వెంట తీసుకెళ్లగలిగింది కంప్యూటర్ కాదు, రేషన్ హక్కు.

ఈ యంత్రాలన్నిటిలో తెలుగు లిపి స్థానం చాలాకాలం అతిథిదే. అన్ని లిపులకూ అంకెలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నుంచి ఉన్నా, అంకె ఉండడం వేరు, అక్షరం సరిగ్గా కనిపించడం వేరు. వత్తులు, గుణింతాలు హల్లుకు పైనా కిందా పక్కనా చేరి రూపం మార్చుకుంటాయి కనుక వాటిని కూర్చే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాలి. అది లేని తొలి స్మార్ట్‌ఫోన్లలో తెలుగు ఖాళీ డబ్బాలుగానో విడిపోయిన ముక్కలుగానో కనబడేది. ఈ కూర్పు ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది: 'జ్ఞా' అక్షరంలోని ఒకానొక సంకేతాల వరుస సందేశంగా అందితే చాలు, ఐఫోన్‌లోని యాప్‌లు కుప్పకూలిపోయేవి, కొద్ది రోజుల్లోనే ఆపిల్ దిద్దుబాటు విడుదల చేసింది. కోట్ల మంది మాట్లాడే భాషలోని అక్షరాల కూర్పును ముందే సరిగ్గా పరీక్షించి ఉంటే ఆ దిద్దుబాటు అవసరమే వచ్చేది కాదు. ఇప్పుడు మాటను రాతగా మార్చే సౌకర్యం వచ్చాక కీబోర్డు నేర్వని తరం కూడా ఫోనుతో తెలుగులోనే పని జరుపుకుంటోంది.

చివరగా ఆయుష్షు సంగతి. యంత్రం పలచబడిన కొద్దీ విప్పడం కష్టమైంది: ఒకప్పుడు వెనుక మూత తీసి మార్చగలిగిన బ్యాటరీ ఇప్పుడు జిగురుతో అతికి ఉంటుంది, జ్ఞాపకశక్తి చిప్ బోర్డుకు టంకం వేసి ఉంటుంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనూ వేడిగాలి యంత్రాలతో వాటిని ఊడదీసే మెకానిక్కులు ఉన్నారు గానీ, కంపెనీ విడిభాగాలు, మరమ్మతు పుస్తకాలు వారికి తేలిగ్గా దొరకవు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన భారత ప్రభుత్వ ఈ-వ్యర్థాల నియమాలు పాత పరికరాల రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. అవి వస్తువు చచ్చిన తర్వాతి సంగతి చూస్తాయే తప్ప బతికుండగా బాగుచేయడం గురించి చెప్పేది తక్కువ. యూరోపియన్ యూనియన్ మాత్రం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల బ్యాటరీని, కొన్ని మినహాయింపులతో, వాడుకరే విప్పి మార్చుకోగలిగేలా ఉండాలని చట్టం చేసింది. దేశానికొక నమూనా తయారు చేయడం కంపెనీలకు ఖర్చుతో కూడిన పని కనుక ఆ మార్పు ఇక్కడి బజారుకూ రావడానికే అవకాశం ఎక్కువ. ఇలాగే, యూరప్ టైప్-సి ఛార్జరును తప్పనిసరి చేసే చట్టం తెచ్చాక 2023లో ఐఫోన్ ప్రపంచమంతటా అదే రంధ్రంతో వచ్చింది.